జీర్ణోద్ధరణమా? అంగచ్ఛేదమా?

పాత మోటారుకార్లను బాగుచేయించు వేడుక ఇటీవల మన పట్టణములలో పెరిగినది. సంతోషమే. కాని ఆ పేరున జరుగుచున్న పనులలో పెక్కు జీర్ణోద్ధరణము కాదు, అంగచ్ఛేదమని మేము చెప్పక తప్పదు. గుడిని బాగుచేయించుచున్నానని గోడమీది శాసనమునకు సున్నము కొట్టించిన ధర్మకర్తను మనము మెచ్చుకొందుమా? ఛాసీని కోయించి, పైన మెరుగు రంగు వేయించిన యజమానిని మాత్రము ఎందులకు మెచ్చుకొనవలయును?

"కంపెనీ నుండి వచ్చినట్లే చేయించితిమి" అని వారందురు. ఆ మాటకు అర్థము విచారింతము. సిల్వర్ ఘోస్టు కాలమున రోల్స్ రాయిస్ కంపెనీవారు అమ్మినది ఛాసీ మాత్రమే. అనగా ఉక్కు చట్రము, దానిపై ఇంజను, గేర్లు, ఇరుసులు, చక్రములు, రేడియేటరు. పై కట్టడము వేరొకరి పని. కొనువాని కోరిక ననుసరించి కోచ్‌బిల్డర్లు కొయ్యచట్రము కట్టి, రేకులు తొడిగి, ఆసనములు అమర్చెడివారు. కావున ఒకే కార్ఖానాలో పుట్టిన రెండు బండ్లు ఒక్క తీరున ఉండనక్కరలేదు. ఇట్టి బండికి అసలు రూపము అమ్మకపు పుస్తకములోని బొమ్మ కాదు. ఆ బండికే ప్రత్యేకముగ వ్రాయబడిన ఆర్డరు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులోని సిల్వర్ ఘోస్టును చూచినవారికి ఈ సంగతి తెలియును. అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొరకు లండనులోని బార్కర్ సంస్థవారు పై కట్టడము కట్టిన పసుపుపచ్చని బండి. 1911లో ఆయన కాలధర్మము చెందగా, అది ఆయన కుమారుని ఏలుబడిలోనికి వచ్చినది. అందులో ప్రభువు కూర్చుండు ఆసనము సింహాసనము వలె ఎత్తుగా నున్నది. మామూలు ఘోస్టు బొమ్మను ఎదుట పెట్టుకొన్న పనివాడెవడైన "ఇది తరువాత చేర్చినది" అని ఆ ఆసనమును దించివేసిన ఏమి మిగులును? మంచి కారు మిగులవచ్చును. నిజాము బండి మిగులదు.

ఛాసీలో మార్పులు రెండు విధములు. మొదటివి బండి పుట్టినప్పుడో, వాడుకలో నున్నప్పుడో అవసరము కొలది చేసినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవై, బొగ్గు గ్యాసుతో నడుచుటకు మన దేశమున బండ్లకు గ్యాసు ప్లాంట్లు తగిలించిరి. ఆ గుర్తులు చరిత్ర, చెరపరాదు. రెండవవి నేటి మోజులు. పొడుగు లిమోజినును పొట్టిగా కోసి రెండు సీట్ల స్పోర్ట్సుకారు చేయుట, డీజిలు ఇంజను పట్టుటకు అడ్డపట్టీ కోసివేయుట, రివెట్లు ఊడదీసి వెల్డింగు పెట్టుట. రివెట్ల చట్రము గతుకులలో ఇంచుక ఒదుగును. వెల్డింగు వేడికి ఉక్కు గుణము మారి, అతుకు ప్రక్కనే పగులు పుట్టుట కలదు.

చట్టము మాటయు వినుడు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము, యాబదియేండ్లు దాటిన బండికి వింటేజి రిజిస్ట్రేషను కావలెనన్న అది అసలు రూపముననే ఉండవలెను. ఛాసీ, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు జరిగియుండరాదు. మేము రవాణా కచ్చేరీలో గుమాస్తాగిరి చేసిన దినములలో ఛాసీ నంబరుపై కాగితము పెట్టి పెన్సిలుతో రుద్దిన అచ్చును ఫైలులో అంటించెడివారము. ఒక వర్క్‌షాపువారు తుప్పుపట్టిన ముక్కతో పాటు నంబరును కూడ కోసి పారవైచిరి. తాత కొన్న కారు ఎదుటనే ఉన్నను, అది ఆ కారేనని ఋజువు చేయలేక ఆ కుటుంబము పడిన అవస్థ మేము కన్నులార చూచితిమి.

"పాత బ్రేకులతో ప్రాణాపాయము గదా" అని కొందరి ఆక్షేపణ. నిజమే; సిల్వర్ ఘోస్టునకు 1924 ప్రాంతము దాక ముందు చక్రములకు బ్రేకులు లేవు. అయినను వింటేజి బండి నిత్యము సంతకు పోవునది కాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు మెల్లగా నడుపుకొనవచ్చును. తప్పనిసరియైన మార్పును, చట్రము కోయకుండ, మరల విప్పుటకు వీలుగా బోల్టులతో బిగింపవచ్చును. "చట్రము తుప్పుపట్టినదే" అందురా? కుళ్లినంత మేరకే అదే మందపు ఉక్కు వేయుడు. పాత పద్ధతిననే రివెట్లు కొట్టింపుడు.

పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్యయగు ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ చార్టరు కూడ ఈ మార్గమునే చూపుచున్నది. క్రొత్త భాగమునకు గుర్తు వేయవలెను. తీసిన భాగమును బండితోనే భద్రపరుపవలెను. చేసిన పని నంతయు వ్రాసి యుంచవలెను.

మన కుటుంబములలో పెద్దలు విడిచిన కార్లు షెడ్లలో ఇంకను కొన్ని గలవు. వానిని మేస్త్రీకి అప్పగించుటకు ముందు ఛాసీ నాలుగు ప్రక్కల ఫొటోలు తీయుడు. చక్రముల నడుమ దూరము కొలిచి వ్రాసికొనుడు. నంబరు అచ్చు తీసి దాచుడు. డబ్బు చాలదా? కప్పి యుంచుడు. తుప్పును రేపైనను ఆపవచ్చును. కోసిన ఛాసీని ఎవరును మరల పుట్టింపలేరు.