తొమ్మిదో తరగతిలోనే తెలియాల్సిన సంగతి

హోసూరులో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని నాది. డాక్టర్లు రాసిచ్చే చీటీల్లో ఒక రకం చూస్తే మనసు కలుక్కుమంటుంది. పైన ముప్పై దాటిన మగవాడి పేరు, కింద టెస్టోస్టిరాన్, ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు, చివర క్రోమోజోముల పరీక్ష కేరియోటైప్. పెళ్లయి ఏళ్లు గడిచి, భార్యకు స్కానింగులూ మందులూ మొక్కులూ అన్నీ అయ్యాక గానీ భర్త రక్తం మా దాకా రాదు. కొందరికి బెంగళూరు నుంచి వచ్చే రిపోర్టులో 46 ఉండాల్సిన చోట 47 క్రోమోజోములు ఉంటాయి. ఎక్స్, వైలతో పాటు ఇంకో ఎక్స్. పుట్టుకతో ఉన్న ఈ సంగతి ఆ మనిషికి బడిలో ఉండగానే తెలియాల్సింది. అలా తెలిసే ఏర్పాటు మన కృష్ణగిరి జిల్లాలో చేయవచ్చన్నదే నా వాదన.

దీన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. 1942లో అమెరికాలో హ్యారీ క్లైన్‌ఫెల్టర్ దీని లక్షణాలను వివరించారు. కారణం అదనపు ఎక్స్ అని 1959లో ఎడిన్‌బరోలో పాట్రీషియా జేకబ్స్, జాన్ స్ట్రాంగ్ కనిపెట్టారు. ఎక్కడో లక్షకొకరికి వచ్చేది కాదిది. సుమారు 600 మంది మగబిడ్డల్లో ఒకరికి ఉంటుంది. ప్రతి కేసూ నమోదయ్యే డెన్మార్క్‌లోనే నలుగురిలో ఒకరికి మాత్రమే బయటపడుతోందనీ, యుక్తవయసుకు ముందే తెలిసినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరనీ తేలింది. ఇక డెంకణికోట, వేపనపల్లి చుట్టుపక్కల పల్లెల మాట చెప్పాలా!

"చిన్నప్పుడు అన్ని రక్తపరీక్షలూ చేయించాం కదక్కా, ఏమీ లేదన్నారే?" అని తల్లులు అడుగుతారు. వాళ్లు చెప్పేది నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. పుట్టిన రెండు మూడు నెలలకు మగబిడ్డ ఒంట్లో హార్మోన్లు కొన్నాళ్లు పెరిగి తగ్గుతాయి. ఆ తర్వాత పదేళ్ల దాకా అందరు పిల్లల్లోనూ అవి అడుగునే ఉంటాయి. ఏడేళ్లవాడి ఎఫ్ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ చూసి ఈ సిండ్రోమ్‌ను గుర్తుపట్టలేం. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య కథ మారుతుంది. ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పైకి ఎగబాకుతాయి, వృషణాలు తయారుచేసే ఇన్‌హిబిన్-బి పడిపోతుంది, టెస్టోస్టిరాన్ కొంత పెరిగి ఆగిపోతుంది. రక్తం మాట్లాడేది అప్పుడు. ఆ రక్తం కూడా పొద్దున్నే తీయాలి, ఎందుకంటే టెస్టోస్టిరాన్ ఉదయమే ఎక్కువగా ఉంటుంది. బడి వదిలాక సాయంత్రం తీసుకొస్తే మామూలు పిల్లవాడికీ తక్కువే చూపించవచ్చు.

అయినా ఇవన్నీ అనుమానం పెంచేవే. తేల్చేది కేరియోటైప్ ఒక్కటే. దానికి ఆకుపచ్చ మూత ట్యూబులో రక్తం తీస్తాం. ఆ ట్యూబు బెంగళూరు చేరాక తెల్ల కణాలను మూడు రోజులు పెంచి, విభజన మధ్యలో ఆపి, మైక్రోస్కోపు కింద క్రోమోజోములు లెక్కపెడతారు.

ఎవరికి చేయించాలో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. ఆండ్రియా ప్రేడర్ అనే స్విట్జర్లాండ్ పిల్లల డాక్టరు పేరుతో ఒక పూసల దండ ఉంది. ఒక మిల్లీలీటరు నుంచి పాతిక దాకా పన్నెండు పూసలు. పరదా చాటున డాక్టరు వృషణాల పరిమాణాన్ని వాటితో పోల్చి చూస్తారు. మీసం మొలుస్తున్నా నాలుగైదు మిల్లీలీటర్ల పూస దగ్గరే ఆగిపోయిన అబ్బాయికి కేరియోటైప్ రాయాలి. పొడుగాటి కాళ్లు, ఛాతీ దగ్గర ఉబ్బు, ఆలస్యంగా వచ్చిన మాటలు, చదవడంలో వెనుకబాటు తోడైతే ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

మన ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి కావడం వీధి వీధంతా తెలుస్తుంది, ఆలస్యమైతే అమ్మమ్మే ఆరా తీస్తుంది. మగపిల్లవాడు ఎదిగాడో లేదో ఎవరూ చూడరు, వాడు చెప్పడు. ప్రభుత్వమూ అంతే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బళ్లలో చూడాల్సిన సమస్యల జాబితా ఇచ్చింది. రజస్వల ఆలస్యం అందులో ఉంది, క్లైన్‌ఫెల్టర్ లేదు.

ఈ ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. రిపోర్టు రాగానే పెద్దవాళ్లు తల్లి వైపు చూస్తారు. "మేనమామకిచ్చి చేశారు, అందుకే" అంటారు. మేనరికంతో కొన్ని జబ్బులు రావడం నిజమే, కానీ ఇది ఆ కోవలోది కాదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగ్గా విడిపోకపోవడం వల్ల వస్తుంది. దాదాపు సగం కేసుల్లో ఆ అదనపు ఎక్స్ తండ్రి నుంచే వచ్చింది. ఆ నింద ఏ తల్లి మీదా పడకూడదు.

చిన్న ఊరు, బయటికి పొక్కితే పిల్లవాడి పెళ్లి చెడుతుందని భయపడేవాళ్లున్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ తెలియకపోతే పోయేవి ఇంకా ఎక్కువ. సమయానికి టెస్టోస్టిరాన్ అందితే కండ, ఎముక బలపడతాయి. నడుం చుట్టూ కొవ్వు, కొలెస్ట్రాల్, షుగర్ మీద ముందునుంచే కన్నేయవచ్చు. ఈ పిల్లల్లో కొందరికి ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం యుక్తవయసుకు ముందే మొదలవుతుంది. సంతానం విషయంలోనూ దారి పూర్తిగా మూసుకుపోలేదు. మైక్రోస్కోపు సాయంతో చేసే శస్త్రచికిత్సలో కాస్త అటూ ఇటుగా సగం మందికి వీర్యకణాలు దొరుకుతున్నాయి.

2022 జనవరిలో ప్రారంభమైన కృష్ణగిరి ప్రభుత్వ మెడికల్ కాలేజీ మన జిల్లాలోనే ఉంది. ఎనిమిదో తరగతి నుంచి అబ్బాయిల ఎదుగుదలను బడి ఆరోగ్య బృందంలోని డాక్టరు చాటుగా, తల్లిదండ్రుల అనుమతితో చూడాలి. అనుమానమున్నవాళ్ల రక్తం ఆ కాలేజీలో తీసి, కేరియోటైప్ ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఫలితాన్ని తలుపు వేసి, అబ్బాయికీ అమ్మానాన్నలకూ మాత్రమే చెప్పాలి. రిపోర్టేమో ఇంగ్లీషులో, డాక్టరు చెప్పేది తమిళంలో, ఇంట్లో మాట తెలుగులో. అందుకే 'నువ్వు మగవాడివే, ఇది ఎవరి తప్పూ కాదు, వైద్యం ఉంది' అని చెప్పే ఒక్క పేజీ కాగితం తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ అచ్చువేసి ఆ రిపోర్టుకు జతచేయాలి.