నది బొమ్మ గీస్తే సరిపోదు, నీళ్ల సంగతి చెప్పాలి

మార్చి 22 వస్తే చాలు, ప్రతి కాలేజీలోనూ ఒక పోస్టర్ కాంపిటీషన్. ప్రపంచ నీటి దినోత్సవం కదా! చార్టు నిండా నీలిరంగు నది, పక్కన పచ్చటి చెట్టు, భూగోళాన్ని పట్టుకున్న రెండు చేతులు, కింద 'నదులను కాపాడుదాం'. ప్రైజులు, గ్రూప్ ఫొటో, సమోసాలు. అంతా బాగానే ఉంటుంది. ఇంతకీ అది ఏ నది? అందులో ఏం కలుస్తోంది? ఎక్కడ కలుస్తోంది? ఈ మూడింటికీ ఆ చార్టులో జవాబు ఉండదు.

కళతో నదులు బాగుపడవని నేను అనట్లేదు. కళ చాలా పనికొస్తుందనే నా నమ్మకం. కాకపోతే ఒక షరతు. నది మీద జాలి కలిగిస్తే చాలదు. ఆ నీళ్లలో ఏముందో చూసేవాళ్ల కంటికి కనబడేలా చెయ్యాలి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ చైనాలోని చెంగ్డూ నగరం. ఫూ, నాన్ అనే రెండు నదులు ఆ ఊరి మధ్యలోంచి పారతాయి. 1995లో అమెరికన్ కళాకారిణి బెట్సీ డేమన్ చొరవతో కొందరు కళాకారులు నది ఒడ్డునే తమ పనిని జనానికి చూపించారు. వాళ్లలో యిన్ షియుజెన్ అనే చైనా కళాకారిణి ఏం చేసిందో తెలుసా? ఆ మురికి నది నీళ్లనే గడ్డకట్టించింది. దాదాపు 10 ఘనపు మీటర్ల ఐసు! ఆ దిమ్మెల్ని ఒడ్డున పేర్చి, దారినపోయేవాళ్లని పిలిచి, మంచినీళ్లతో కడగమంది. జనం వచ్చి నిజంగానే నదిని కడిగారు, ఐసు కరిగిపోయేదాకా.

లెక్క చూస్తే దానివల్ల నది ఒక్క చుక్క కూడా శుభ్రపడలేదు. కానీ పారే నీళ్లలో మురికి మన ముందు నుంచి వెళ్లిపోతుంది, మనమూ ముక్కు మూసుకుని వెళ్లిపోతాం. అదే గడ్డకట్టి ఎదురుగా నిలబడితే తప్పించుకోలేం. ఎంత కడిగినా తరగని పని ఇది అని చేతులకే తెలుస్తుంది.

కథ అక్కడితో ఆగలేదు. 1998లో అదే ఊళ్లో, అదే నది పక్కన 'లివింగ్ వాటర్ గార్డెన్' అనే పార్కు తయారైంది. దాని వెనక కూడా డేమనే ఉంది, పక్కన స్థానిక ఇంజనీర్లు, డిజైనర్లు ఉన్నారు. దాదాపు 6 ఎకరాలు, చేప ఆకారం. నది నీళ్లు ముందు ఒక చెరువులో తేరుకుంటాయి. తర్వాత రాతి తొట్లలో సుడులు తిరుగుతూ గాలి పీల్చుకుంటాయి. ఆ తర్వాత నీటి మొక్కల మడుల గుండా సాగుతూ మెల్లగా తేటపడతాయి. సివిల్ వాళ్లు ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లో చదివే సెడిమెంటేషన్, ఏరేషన్, వెట్‌ల్యాండ్ ట్రీట్‌మెంట్ ఇవే. తేడా ఏంటంటే, అక్కడ పిల్లలు ఆడుకుంటూ చూస్తారు.

రోజుకి శుద్ధి అయ్యేది 200 ఘనపు మీటర్లు, అంటే 2 లక్షల లీటర్లు. ఒక మహానగరం మురుగు ముందు అది ఏ మూలకీ రాదు. నిజమే. అయితే ఆ పార్కు పని నదంతా శుద్ధి చెయ్యడం కాదు, శుద్ధి చెయ్యొచ్చని చూపించడం. ఒకసారి కళ్లారా చూసినవాళ్లు 'ఇక్కడ అయినప్పుడు మా కాలవ దగ్గర ఎందుకు కాదు?' అని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టించడమే కళ చెయ్యగల పెద్ద పని. మిగతాది పైపులు, పంపులు, బడ్జెట్లు చూసుకోవాలి.

ఈసీఈ, సీఎస్ఈ వాళ్లు అలిగే పనిలేదు. 2009లో న్యూయార్క్‌లో ఈస్ట్ రివర్, బ్రాంక్స్ రివర్ నీళ్లలో తేలే గొట్టాలు పెట్టారు. నటాలీ జెరెమిజెంకో, డేవిడ్ బెంజమిన్ చేసిన ప్రాజెక్టు అది. గొట్టం కింద సెన్సార్లు, పైన లైట్లు. నీటి నాణ్యతని బట్టి, చేపల కదలికని బట్టి లైట్లు మారతాయి. ఎస్ఎంఎస్ పంపితే 'చేపల' నుంచి నది కబురు జవాబుగా వస్తుంది. మన ప్రాజెక్టు ఎక్స్‌పోలో ఇంతకంటే బోరు కొట్టే ఐడియాలు ఎన్ని చూడలేదు?

ఇక్కడ ఒక ప్రమాదం కూడా ఉంది. వంతెన గోడ మీద రంగురంగుల నెమళ్లు, తామరపూలు వేసేస్తాం. అందరూ గోడ ముందు సెల్ఫీ దిగుతారు, గోడ వెనక నదిని ఎవరూ చూడరు. అలాంటి కళ నదికి సాయం చెయ్యదు. మురికికి పరదా కడుతుంది, అంతే.

మన పక్కనే మూసీ ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మధ్యగా వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 వరదల తర్వాత విశ్వేశ్వరయ్య సలహాలతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. అంటే దాని చరిత్రలో ఇంజనీర్ల చెయ్యి ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు మన సింకులు, బాత్రూముల నీళ్లూ అందులోకే. సిటీ దాటాక ఆ నీళ్లతోనే దిగువ రైతులు వరి, పశువుల గడ్డి పండిస్తున్నారు. వాళ్లకి ఇంకో నది లేదు.

అందుకే ఈసారి ఫెస్ట్‌లో పోస్టర్లకి బదులు మూసీ మీద బుర్రకథ వేద్దామని నా ప్రతిపాదన. మన ప్రక్రియే, జనానికి తెలిసినదే. తంబురా పట్టుకున్న కథకుడు నది కథ చెబుతాడు. 'రాజకీయం' పక్కవాడు లెక్కలు అడుగుతాడు: స్నానానికి పనికొచ్చే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకి 5 మిల్లీగ్రాములైనా ఉండాలి, బీఓడీ 3 దాటకూడదు, మరి మన నీళ్లలో ఎంత? 'హాస్యం' పక్కవాడు చెత్త కవరు వంతెన మీంచి విసిరే మనల్ని ఆటపట్టిస్తాడు. లెక్కలు ఊహించి చెప్పొద్దు. శాంపిల్ తెచ్చి మన ల్యాబ్‌లోనే టెస్ట్ చేద్దాం, వచ్చిన అంకెనే పాటలో పెడదాం. వచ్చే ఏడాది మళ్లీ కొలిచి, మారితే మారిందని, మారకపోతే మారలేదని పాడదాం.

తంబురా వాయించగలిగినవాళ్లు, టైట్రేషన్ చెయ్యగలిగినవాళ్లు, జోకులు వెయ్యగలిగినవాళ్లు క్లబ్ గ్రూపులో పేర్లు ఇవ్వండి. మూడు రకాలవాళ్లూ కావాలి.