సున్న తప్పితే అన్నీ తప్పే

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 దగ్గర రెండవది, 17.75 దగ్గర మూడవది. లంక గ్రామాల్లో అక్షరం ముక్క రానివారికి కూడా ఈ మూడంకెలూ కంఠోపాఠమే. ఆనకట్ట దగ్గర మట్టం చూసేవారు ఒకరు, ఆ మాట విని పశువులను గట్టుమీదికి తోలుకొనేవారు మరొకరు. వారికి ముఖపరిచయం లేదు. అయినా పని సాగుతున్నదంటే, ఇద్దరూ ఒకే సున్నను నమ్ముకొని ఉన్నారు గనుకనే. ఆ కొలబద్ద ఒక అడుగు కిందికి దిగబడితే, దానిమీద గీతలు ఎంత సన్నగా ఉన్నా ప్రయోజనమేమిటి?

మన లేతు దుకాణాలకు కూడా ఈ ప్రశ్న వేయవలసి ఉన్నదని నా అభిప్రాయం.

రాజమండ్రిలో మా మేనమామకు చిన్న దుకాణం ఉండేది. క్రాంక్ షాఫ్టులు గ్రైండింగు చేయడం ఆయన ముఖ్యమైన పని. ఒక దాళ్వాలో శివారు భూముల రైతొకాయన డీజిల్ ఇంజను తెచ్చాడు. కాలువ నీరు చివరిదాకా అందదు; ఆ ఇంజను తోడితేనే చేను తడుస్తుంది. అరిగిన క్రాంక్ పిన్నును పావు మిల్లీమీటరు తగ్గించి, అందుకు తగిన షెల్ బేరింగులు బజారులో కొని బిగించారు. రెండవనాడే ఇంజను పట్టేసింది. చేను అప్పటికి పొట్టమీద ఉన్నది. ఆయన వచ్చి కేకలు వేయలేదు. "కొలిచే ఇచ్చారు కదండీ మేస్త్రిగారూ?" అని మాత్రం అడిగాడు. మామయ్య ఆ పూట అన్నం తినలేదు.

ఆయన కొలిచిన మాట నిజమే. 50 నుంచి 75 మిల్లీమీటర్ల వరకు కొలిచే మైక్రోమీటరుతో మూడుసార్లు కొలిచాడు. మనం బడిలో చూసిన చిన్న మైక్రోమీటరు దవడలు మూస్తే సున్న కనిపిస్తుంది. తప్పుంటే అక్కడే పట్టుబడుతుంది. పెద్దది అలా మూసుకోదు. దాని సున్న సరిచూడడానికి పెట్టెలోనే సరిగ్గా 50 మిల్లీమీటర్ల కడ్డీ ఒకటి ఇస్తారు. మామయ్య పెట్టెలో ఆ కడ్డీ ఉండవలసిన గుంట ఏనాటినుంచో ఖాళీ. తరువాత మరొకచోట సరిచూపిస్తే ఆ మైక్రోమీటరు 0.03 మిల్లీమీటర్లు తక్కువ చూపుతున్నదని తేలింది. అంటే పిన్ను అంతమేరకు లావుగా మిగిలిపోయింది. చమురు నిలవడానికి 0.05 దాకా సందు ఉండవలసినచోట 0.02 మిగిలింది.

"మా పాత మేస్త్రీలు ఈ పెట్టెలేవీ లేకుండానే చేయలేదా?" అనేవారున్నారు. చేశారు, వారి వేళ్ళకు నమస్కారం. కాని వారు ఒక బుష్షును దాని ఇరుసుకే సరిపెట్టేవారు. రెండింటినీ ఒకే కాలిపరుతో చూసినప్పుడు ఆ కాలిపరు తప్పు రెండువైపులా పడి రద్దయిపోతుంది. ఇప్పుడు షాఫ్టు మన ఊళ్ళో తయారవుతుంది, బేరింగు ఎక్కడో దూరపు కర్మాగారం నుంచి డబ్బాలో వస్తుంది. ఆ కర్మాగారం మిల్లీమీటరూ మన మిల్లీమీటరూ ఒకటే కావాలి. మన కొలత మనకు సరిపోతే చాలే రోజులు పోయాయి.

స్వీడనుకు చెందిన యొహాన్సన్ 1896 ప్రాంతంలో స్లిప్ గేజీలను రూపొందించింది ఇందుకే. అద్దంలా నునుపుచేసిన ఉక్కు దిమ్మలవి. ఒకదానికొకటి అతుక్కొని కావలసిన పొడవు నిస్తాయి. మన దేశంలో పొడవుకు జాతీయ ప్రమాణం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంటుంది. అక్కడినుంచి గుర్తింపు పొందిన ప్రయోగశాలకూ, అక్కడినుంచి మన దుకాణంలోని దిమ్మకూ, దిమ్మనుంచి మైక్రోమీటరుకూ గొలుసు సాగాలి. ఒక్క లంకె తెగినా చివరి అంకె గాలిలో కట్టిన మేడే.

అందుచేత పరికరం కంటే ముందు ప్రమాణం కొనాలంటాను. ఈనాడు చవకగా దొరికే డిజిటల్ కాలిపరు 0.01 మిల్లీమీటరు అంకె చూపుతుంది. చూపడం వేరు, నిజం కావడం వేరు. మంచి రకానికే 0.02 వరకు అటూఇటూ తేడా ఉంటుంది. పనిలో అనుమతించిన తేడాలో పదోవంతు దాకా పరికరం నమ్మకంగా చెప్పగలగాలన్నది పాత సూత్రం. బేరింగు పనికి కాలిపరు చాలదు. వందల బుష్షులు ఒకే కొలతతో చేసేచోట మైక్రోమీటరు కంటే గో, నోగో గేజీయే మేలు: ఒక కొన దూరాలి, రెండవ కొన దూరకూడదు.

మన ఎండ సంగతి కూడా చెప్పాలి. పొడవు కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకొన్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. రోహిణీకార్తెలో రేకుల షెడ్డులో అది కలలోని మాట. 50 మిల్లీమీటర్ల ఉక్కు 40 డిగ్రీల దగ్గర 0.01 మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. భయపడనక్కరలేదు, ఉక్కు షాఫ్టూ, ఉక్కు దిమ్మా, మైక్రోమీటరూ ఒకే బల్లమీద కొంతసేపు ఉంటే కలిసే పెరుగుతాయి. అల్యూమినియం పిస్టను మాత్రం దాదాపు రెట్టింపు పెరుగుతుంది. గ్రైండింగు నుంచి వేడివేడిగా తీసిన షాఫ్టును అప్పటికప్పుడే కొలవడం తప్పు. చెమట చేతితో దిమ్మను పట్టుకోవడం ఇంకా తప్పు; మన గాలి తేమకు తెల్లారేసరికి తుప్పు పడుతుంది. తుడిచి, పలుచగా నూనె పూసి పెట్టాలి.

చిన్న దుకాణానికి ఇంత ఖర్చు తగునా అంటే, నిజమే, 87 దిమ్మల పెట్టె అందరూ కొనలేరు. వీధిలోని దుకాణాలన్నీ కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. అదీ కాకపోతే తమ పనికి తగిన కడ్డీలు ఒకటిరెండు సరిచూపించి, రోజువారీ వాడకానికి దూరంగా దాచుకోవచ్చు. పొద్దున్నే దీపం పెట్టినట్టు దానితో సున్న చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

మామయ్య ఆ రైతుకు ఇంజను ఉచితంగా బాగుచేసి ఇచ్చాడు. ఎండిన చేనును ఇవ్వలేకపోయాడు. ఆ తరువాత కొత్త కడ్డీ తెప్పించి, దానిని డబ్బుల పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. డబ్బులు మాత్రం పైజేబులోనే ఉండేవి.

మీలో యంత్రశాలల్లో పనిచేసినవారుంటే, మీ దగ్గర సున్న ఎవరు చూస్తారో, ఎప్పుడు చూస్తారో రాయండి. తెలుసుకోవాలని ఉంది.