లెక్కలోకి వద్దాం! తెలుగు సాఫ్ట్‌వేర్‌ను నిలబెడదాం!

జూలూరుపాడు మండల విద్యార్థులారా, ఉపాధ్యాయులారా, డీటీపీ, మీసేవ కేంద్రాల మిత్రులారా!

కంప్యూటర్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడాలంటే లోహిత్ తెలుగు, పోతన 2000 లాంటి ఫాంట్లు కావాలి. తప్పు రాసినచోట ఎర్రగీత పడాలంటే హన్‌స్పెల్ తెలుగు పదకోశం కావాలి. ఇవన్నీ స్వేచ్ఛగా వాడుకుని, పదిమందికీ పంచగలిగే ఓపెన్ సోర్స్ సరుకు. మరి ఎంతమంది వాడుతున్నారో వీటిని తయారుచేసేవాళ్లకు తెలిసేదెలా?

డౌన్‌లోడ్ల సంఖ్య చాలదు. ఒకరు దించుకున్నది పెన్‌డ్రైవ్‌లో ఊరంతా తిరుగుతుంది. పది మిషన్లలో ఎక్కినా లెక్కకు ఒక్కటే! దించుకుని ఒక్కరోజూ తెరవనివాళ్లు కూడా ఆ లెక్కలోనే ఉంటారు.

అందుకే డెబియన్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పాపులారిటీ-కాంటెస్ట్ అనే ప్యాకేజీ ఉంది. మనం ఒప్పుకుంటేనే అది పనిచేస్తుంది. ఏయే ప్యాకేజీలు ఎక్కించారో, వాటిలో ఈమధ్య నిజంగా వాడినవేవో వారానికోసారి డెబియన్ వాళ్లకు పంపుతుంది. ఆ జాబితాలో మీ పేరు ఉండదు, మీ ఫైళ్లు ఉండవు. డెబియన్ డిస్కుల్లో ఏ ప్యాకేజీ ముందుండాలో తేల్చడానికి ఈ లెక్కను కూడా చూస్తారు. నెట్ సరిగా అందని ఊళ్లకు మొదటి డిస్కే దిక్కు. అందులో తెలుగుకు చోటు దక్కాలంటే మనం లెక్కలో ఉండాలి.

డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఈ సర్వేలో చేరతారా అని అడుగుతుంది. జవాబు ముందే ‘వద్దు’ అని ఉంటుంది. చదవకుండా ఎంటర్ కొట్టేస్తాం. తెలుగువాళ్ల లెక్క అక్కడే జారిపోతోంది.

కాబట్టి ఈ నాలుగు పనులూ చేద్దాం:

1. డెబియన్ వాడేవాళ్లు పాపులారిటీ-కాంటెస్ట్ ఎక్కించి, ‘సరే’ అనండి. బడి, ఆఫీసు మిషన్లయితే ముందు బాధ్యులను అడగండి.

2. పెన్‌డ్రైవ్‌తో నింపిన మిషన్లను కూడా నెట్ దొరికిన రోజున లెక్కలో కలపండి.

3. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో తెలుగు యాడ్-ఆన్‌లు వాడేవాళ్లకూ ఒక మాట: యాడ్-ఆన్‌ల వాడకం లెక్క, వినియోగ సమాచారం పంపే బ్రౌజర్ల నుంచే వస్తుంది. సెట్టింగ్స్ చూసి, మీకు సమ్మతమైతే ఆన్ చేయండి.

4. ఫాంట్లలో నడిచే ప్రోగ్రాం ఉండదు కనుక అవి ఎక్కించారో లేదో తెలుస్తుందే తప్ప, వాడకం తెలియదు. అందుకే ఏ ఒత్తు విరుగుతోందో, ఏ మాట పదకోశంలో లేదో తయారీదారులకు రాయండి. వాడకానికి అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

డబ్బు ఖర్చు లేదు. ఒక్క ‘సరే’ చాలు. ఈ వారమే మీ మిషన్ తెరవండి, పక్కవాళ్ల చేత కూడా తెరిపించండి!

ఇట్లు,
తెలుగులో కంప్యూటర్ వాడే మీ తోటివాళ్లు,
జూలూరుపాడు