తెల్లవారుజాము తుమ్ములు

నిద్ర లేచినంతనే వరుస తుమ్ములు, ముక్కుదిబ్బడ, కన్నుల దురద, పిల్లల రొమ్మున పిల్లికూతలు కనిపించినపుడు మనవారు మంచుగాలిని, పెరుగన్నమును, అరటిపండును నిందింతురే కాని, రాత్రియంతయు తల యాన్చిన దిండును శంకించువారు మిక్కిలి అరుదు.

ఆ దిండులో, పరుపులో, దుప్పటి మడతలలో, మిల్లీమీటరున మూడవవంతైన నుండని ఎనిమిది కాళ్ల ధూళిపురుగు, మన దేహమునుండి నిత్యము రాలెడి చర్మపు పొలుసులను భుజించుచు, నీరు త్రాగక గాలిలోని తేమనే పీల్చుకొనుచు, వేలకొలదిగా వర్ధిల్లుచున్నది. అది కుట్టదు, కరవదు. దాని విసర్జనమునందలి మాంసకృత్తులే పక్క దులిపినపుడు ధూళితో లేచి, శ్వాసమార్గమును జేరి, అలర్జీ తత్త్వముగలవారికి ఉబ్బసమును సైతము రేపును. 1964లో నెదర్లాండ్సునందలి లైడెన్ నగరమున వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా మున్నగు పరిశోధకులు ఈ సంబంధమును వెల్లడించిరి.

గాలిలో తేమ నూటికి 50కి తగ్గిన నిది ఎండి నశించును. 70 దాటిన దీని సంతతికి అడ్డులేదు. కావుననే విశాఖ, కాకినాడలవంటి తీరపట్టణములు దీనికి మిక్కిలి అనువు. గాలివెలుతురు సోకని గదులలో, ఏండ్లతరబడి కదలింపని పరుపులపై పిల్లలను పరుండబెట్టి, ఏటేట మందులు మాత్రము మార్చుట నాకు న్యాయముగా దోపదు. వేసవిలో బూరుగుదూది పరుపులను మిద్దెపై ఎండవేసి, కఱ్ఱతో బాది, దూదిని ఏకించుట మన పెద్దల గృహధర్మమై యుండెను (బాదువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మేలు). ఆ యలవాటును వదలుకొనుట తెలివి గాదు.

తల్లిదండ్రులారా! దుప్పట్లను, గలీబులను వారమున కొకమారు 60 డిగ్రీల వేడినీట ఉదుకుడు. ఉబ్బసముగల బిడ్డ పరుపునకు దట్టమైన నేత తొడుగు వేయుడు. వైద్యుడిచ్చిన మందును మాత్రము మానకుడు.