సస్తా బోర్డు, మహంగా సబక్

ఈసీఈ చదివే పిల్లలున్న ఇళ్లలో ఫైనలియర్ రాగానే ప్రాజెక్టు ఖర్చు మాటొస్తుంది. చాలామంది యాంటెన్నా ఎంచుకుంటారు, అదీ పది గిగాహెర్ట్జ్‌ది. కంప్యూటర్‌లో డిజైన్ చేసి, బజార్లో దొరికే పచ్చ బోర్డు ఎఫ్‌ఆర్-4 మీద చేయించి, ఫోటో రిపోర్టులో అంటిస్తారు. కొలిచి చూసేది కొందరే. నా ఎతరాజ్ అక్కడే.

ఎఫ్‌ఆర్-4ను బద్నాం చేయడం నా మక్సద్ కాదు. గాజు గుడ్డ, ఎపాక్సీ కలిపి గట్టిపరచిన రేకు అది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బోర్డులు బోలెడు దాని మీదే నడుస్తున్నాయి. కానీ దాని డైఎలక్ట్రిక్ కాన్‌స్టంట్‌కు జబాన్ లేదు. ఒక కంపెనీ రేకు 4.2 ఉంటే ఇంకోదానిది 4.6 ఉంటుంది. ఆ ఫర్క్ చాలు, పది గిగాహెర్ట్జ్ ప్యాచ్ సుమారు 400 మెగాహెర్ట్జ్ పక్కకి జరిగిపోతుంది. ఆ ప్యాచ్ పనిచేసే పట్టీయే కొద్ది శాతం వెడల్పు. ఇక నిశానా తగిలేదెలా?

నుక్సాన్ సంగతి ఇంకా ఘోరం. ఎఫ్‌ఆర్-4 లాస్ టాంజెంట్ 0.02 దాకా ఉంటుంది. పది గిగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ నాలుగంగుళాలు నడిస్తే దాదాపు సగం తాకత్ బోర్డులోనే వేడై పోతుంది. రోజర్స్ కంపెనీ ఆర్‌ఓ4350బి రేకుకు అదే అంకె 0.0037. కాన్‌స్టంట్ 3.48, అటూ ఇటూ 0.05 లోపే. పైగా ఎఫ్‌ఆర్-4 చేసే కార్ఖానాలోనే దీన్నీ చేయొచ్చు.

ఇంకా పైన టెఫ్లాన్ రకాలున్నాయి. మన వంటింటి నాన్‌స్టిక్ తవా మీదుండే టెఫ్లానే. ఆర్‌టీ డ్యూరాయిడ్ 5880కి లాస్ టాంజెంట్ 0.0009 మాత్రమే. కానీ తవాకి దోశ అంటనట్టే దీని రంధ్రాల గోడలకి రాగి అంత సులువుగా అంటదు, ప్రత్యేకంగా శుద్ధి చేయాలి. మెత్తగానూ ఉంటుంది. అందుకని ‘అన్నిటికన్నా మహంగా తీసుకో’ అనేదీ అఖల్ లేని సలహాయే.

రాగి నునుపు, తేమ కూడా లెక్కలోకొస్తాయి. పది గిగాహెర్ట్జ్ కరెంటు రాగి పైపొరలో మైక్రాన్ కన్నా తక్కువ లోతునే పారుతుంది, రాగి గరుకైతే దారి పెరుగుతుంది. తేమ పీల్చే రేకు వర్షాకాలంలో వేరేలా నడుస్తుంది.

మన చాంద్రాయణగుట్టలోనే డీఎల్‌ఆర్‌ఎల్ ఉంది, రాడార్ సిగ్నళ్లను పసిగట్టే యంత్రాల పరిశోధన అక్కడ జరుగుతుంది. అలాంటి చోట కొలువు కోరుకునే మన బిడ్డకి ‘ఈ రేకే ఎందుకు?’ అన్న సవాల్‌కు దలీల్ ఉండాలి. ‘షాపులో అదే ఉంది’ అన్నది జవాబు కాదు. తప్పు పిల్లలది తక్కువ, మార్కులేసే సార్లది ఎక్కువ. కొలత లేని యాంటెన్నాకు మార్కులేయడం ఇన్సాఫ్ కాదు.

అమ్మీలూ, అబ్బాలూ, పిల్ల రోజర్స్ రేకు కావాలంటే ఫుజూల్ ఖర్చని కసరకండి. ఎంత పౌనఃపున్యం, ఎంత పొడవు, ఎంత నష్టం అని అడగండి. లెక్క చెప్పిందా, ఇప్పించండి. ఎఫ్‌ఆర్-4కి పదింతలు పెట్టే తాహత్ లేదా, శరమిందా అక్కర్లేదు: ప్రాజెక్టును 2.4 గిగాహెర్ట్జ్‌కి దింపి, ఎఫ్‌ఆర్-4 మీదే చేసి, కాలేజీలో నెట్‌వర్క్ అనలైజర్ మీద కొలిపించమనండి. మొదటి బోర్డు గురి తప్పితే, వచ్చిన పౌనఃపున్యం నుంచి ఆ రేకు అసలు కాన్‌స్టంట్ వెనక్కి లెక్కగట్టి రెండో బోర్డు చేయమనండి.