నెల రోజుల గణితం

2024లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు ఏప్రిల్ 24న వెలువడ్డాయి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు మే 24న మొదలైనాయి. నడుమ సరిగ్గా ఒక్క నెల. తప్పినవారికి ఏడాది దక్కుతుంది కనుక ఏర్పాటు మెచ్చదగినదే. కాని ఆ నెల అందరికీ ఒకే నిడివి గలది కాదు.

ఖమ్మం పిల్లవాడు రుసుము చెల్లించి క్రాష్ కోర్సులో చేరగలడు. మా సారపాక చుట్టుపట్ల అడవిపల్లెలకు అవే వారాలు తునికాకు కాలం. తెల్లవారకమునుపే ఇంటిల్లిపాదీ అడవికి పోవాలి. ఏబదేసి ఆకులు కట్టలు కట్టి, పొద్దు వాలేసరికి కల్లానికి చేర్చాలి. కళాశాలకా, వేసవి సెలవులు. ఇక సందేహం తీర్చేదెవరు?

మొదటి సంవత్సరపు గణితం రెండు పత్రాలు, ఒక్కొక్కటి 75 మార్కులకు, పదేసి అధ్యాయాలు. ఇరవై అధ్యాయాలను ముప్పది దినాలలో మింగనక్కరలేదు. మాత్రికలు, సదిశలు, సరళరేఖాయుగ్మం వంటివి కొన్ని క్షుణ్ణంగా సాధించినవాడు గట్టెక్కగలడు. ఏవి పట్టాలో, ఏవి విడవాలో చెప్పడానికే గురువు కావాలి.

తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకందురా? 'అవకలజం' అన్న మాటకు బెదిరిన పిల్లలు అర్థమడగడానికి నా వద్దకే వచ్చేవారు. మాట విప్పి చెప్పాను. లెక్క చెప్పడం నా విద్య కాదు.

భద్రాచలంలో ఐటీడీఏ ఉన్నది. ఆశ్రమ పాఠశాలల గదులు వేసవిలో ఖాళీ. కల్లం పని ముగిసిన పిమ్మట, రాత్రి ఏడు మొదలు తొమ్మిది దాకా, ఒక గదీ, ఒక దీపమూ, అదనపు వేతనంపై ఒక గణితాధ్యాపకుడూ ఉంటే చాలు. ఈ మే నెలకే ఆరంభించవచ్చు.